పదో రూపాయి గుడికి చేరింది, మరి ఆ తొమ్మిది ఎక్కడున్నాయి?

ధ్యానభాగం: నెహెమ్యా 5:1–13



ఈ వారం మాట కొంచెం ఘాటుగా ఉంటుంది. జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో పండే మిరపకాయ తిని పెరిగినవాళ్ళం గనుక తట్టుకుంటారని రాస్తున్నాను.

దశమభాగం గురించి మన పులుపిటాల మీద చెప్పినంతగా మరే డబ్బు గురించీ చెప్పరు. పదిలో ఒకటి తెచ్చారా అని అడుగుతాం. మిగిలిన తొమ్మిది ఎక్కడ పెట్టారు, అక్కడ అవి ఎవరికి ఏం చేస్తున్నాయి అని అడిగే బోధకుడు అరుదు. అడిగితే "అది మా ఇంటి విషయం అయ్యగారూ" అంటారు. భూమి నాది, మీరు నా దగ్గర కాపురమున్న పరదేశులు అని లేవీయకాండము 25లో దేవుడు చెప్పాడు. భూమే ఆయనదైతే దాని మీద సంపాదించిన తొమ్మిది రూపాయలు మన ఇంటి విషయం ఎలా అవుతాయి? గృహనిర్వాహకుడు యజమానికి లెక్క చెప్పాల్సింది పదో వంతుకే కాదు గదా.

డబ్బు నిద్రపోదు. మనం పడుకున్నాక కూడా అది ఎక్కడో పనిచేస్తూనే ఉంటుంది. రిటైరైన టీచరు గారి డబ్బు ప్రోనోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీకి తిరుగుతుంది. దుబాయి నుంచి కొడుకు పంపిన డబ్బు హైవే పక్కన వెంచర్లో తెల్లరాళ్ళ మధ్య ప్లాటవుతుంది. ఇంకొకరిది చీటీలో ఉంటుంది, మరొకరిది ఎవరో వాట్సాపులో పంపిన యాప్‌లో ఉంటుంది. పెట్టే ముందు మనం అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎంత వస్తుంది?" విశ్వాసి అడగాల్సిన ప్రశ్న దానికంటే ముందుంది: "ఎవరి దగ్గర నుంచి వస్తుంది?"

ఇప్పుడు నెహెమ్యా దగ్గరికి రండి. యెరూషలేము గోడ కడుతున్నారు. చూడటానికి గొప్ప పరిచర్య. ఆ పని మధ్యలో జనం గోల పెట్టారు. కరువులో ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్ళు కుదువపెట్టాం, రాజుకు పన్ను కట్టడానికి అప్పు చేశాం, మా కుమార్తెలు దాసులయ్యారు అన్నారు. ఎవరి మీద ఆ గోల? బబులోను వాళ్ళ మీద కాదు. పక్కన నిలబడి అదే గోడకు రాళ్ళు మోస్తున్న సొంత సహోదరుల మీద. నెహెమ్యా కోపగించి సమాజాన్ని పిలిపించాడు. తిరిగి ఇచ్చెయ్యమన్న వాటిలో నూటికి ఒకటో వంతు కూడా ఉంది. అది నెలకు నూటికొకటి అని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. అంటే మన భాషలో నూటికి రూపాయి. మన ఊళ్ళలో దాన్నే ధర్మవడ్డీ అంటాం! మనం ధర్మమని పేరుపెట్టి, "నేను కాబట్టి అంత తక్కువకి ఇచ్చాను" అని చెప్పుకునే వడ్డీని ఆ దైవజనుడు నడివీధిలో నిలబెట్టి కడిగేశాడు.

మన లెక్క చూడండి. నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. నూటికి మూడైతే 36 శాతం. మూడు రూపాయల వడ్డీకి లక్ష తీసుకున్న కౌలు రైతు, అసలు అలాగే ఉండగా ఏడాదికి 36 వేలు వడ్డీయే కట్టాలి. పత్తి గానీ మిరప గానీ ఏడాదికి 36 శాతం లాభం ఎన్ని ఏళ్ళు ఇచ్చింది? తెగులు వచ్చిన ఏడు ఇవ్వదు, వాన ఎక్కువైన ఏడు ఇవ్వదు, పంట బాగా పండి గుంటూరు యార్డులో ధర పడిపోయిన ఏడు కూడా ఇవ్వదు. వడ్డీ మాత్రం అన్ని ఏళ్ళూ ఒకేలా పండుతుంది. భూమి ఇవ్వలేని రాబడిని రైతు ఎక్కడ నుంచి తెస్తాడు? భార్య మెడలోని పుస్తెల నుంచి, కూతురి చదువు నుంచి, తన ఒంట్లోని రక్తం నుంచి తెస్తాడు. మీ ఖాతాలో పడిన వడ్డీ అదే.

మనల్ని నిద్రపోనివ్వకూడని సంగతి ఇంకొకటి ఉంది. అప్పిచ్చినవారు, అప్పు తీసుకున్నవారు మన సంఘాల్లో ఒకే చాప మీద కూర్చుంటారు. ఒకే రొట్టె విరుస్తారు, ఒకే పాత్రలోనిది తాగుతారు. ఒకరు బయటికి వచ్చి "ప్రభువు నా ఆదాయం దీవించాడు" అని సాక్ష్యం చెబుతారు. వెనుక వరసలో ఇంకొకరు వాయిదా గుర్తొచ్చి తల వంచుకుంటారు. కొరింథు సంఘంలో కలిగినవారు ముందే తిని, లేనివారిని ఆకలితో ఉంచి బల్ల దగ్గరికి వచ్చారని పౌలు ఎంత గట్టిగా గద్దించాడో చదవండి. ఆ గద్దింపు మనకు తగలదా?

"అయ్యగారూ, బ్యాంకులు వాళ్ళకి అప్పివ్వవు. మేమూ ఇవ్వకపోతే ఎక్కడికి పోతారు?" అని అడిగేవారున్నారు. ఇందులో నిజం ఉంది. కౌలు రైతుకు పట్టా లేదు. 2019 చట్టం కింద సాగుదారు హక్కు పత్రం రావాలన్నా భూయజమాని ఒప్పుకోవాలి, చాలామంది ఒప్పుకోరు. కాబట్టి అప్పు ఇవ్వండి. ఇవ్వొద్దని నేను అనడం లేదు. గుక్కెడు నీళ్ళు దొరకనివాడికి నీళ్ళు అమ్మడం వేరు, వాడి దాహాన్ని బట్టి ధర పెంచడం వేరు. 2004లో పావలా వడ్డీ అని పథకం వచ్చినప్పుడు పొదుపు సంఘాల అక్కచెల్లెళ్ళు ఆ డబ్బుతో గేదెలు కొన్నారు, బడ్డీకొట్లు పెట్టుకున్నారు. ఏడాదికి మూడు శాతం అది. ఒక ప్రభుత్వం పావలాకు ఆలోచించగలిగితే, క్రీస్తు రక్తంతో కొనబడిన సహోదరుడు మూడు రూపాయల దగ్గర ఎందుకు ఆగిపోయాడు?

ఇంకొందరు మత్తయి 25 తెరుస్తారు. తలాంతును పాతిపెట్టినవాణ్ణి యజమాని మందలించాడు, కనీసం వడ్డీకైనా ఇవ్వాల్సింది అన్నాడు గదా అంటారు. అదే అధ్యాయం చివరిదాకా చదవండి. ఆకలిగొన్నవాడికి, దప్పిగొన్నవాడికి, చెరసాలలో ఉన్నవాడికి ఏం చేశావన్నది అక్కడ తీర్పు. తలాంతుల ఉపమానం చెప్పిన నోరే ఆ తీర్పునూ చెప్పింది. పేదవాడికి అప్పిచ్చి వడ్డీ తీసుకోవద్దని నిర్గమకాండము 22లో ఉన్న ఆజ్ఞను ఒక ఉపమానంలోని యజమాని మాటతో కొట్టెయ్యడం వాక్యాన్ని విభజించడం కాదు, వాక్యాన్ని అడ్డం పెట్టుకోవడం.

మరి వడ్డీ వ్యాపారం మానేసి "మంచి పనికి ఉపయోగపడే" సంస్థలో పెడితే సరిపోతుందా? ఇక్కడ మన ప్రాంతం నేర్చుకున్న పాఠాలు ఖరీదైనవి.

అగ్రిగోల్డ్‌ని ఎవరూ మరిచిపోలేదు. మనకు కూతవేటు దూరంలో విజయవాడలోనే దాని కేంద్రం. వ్యవసాయం, తోటలు, భూమి అని చెప్పారు. పేరులోనే పచ్చదనం, పేరులోనే బంగారం. 32 లక్షల ఖాతాలు, సుమారు 6,380 కోట్ల రూపాయలు. కట్టించుకున్న ఏజెంట్లు పరాయివాళ్ళు కారు, మన వీధివాళ్ళే, మన బంధువులే. చివరికి వాళ్ళూ మునిగారు. 2019 నవంబరులో పదివేల లోపు కట్టినవారికి, 2021 ఆగస్టులో ఇరవై వేల లోపు కట్టినవారికి రాష్ట్ర ప్రభుత్వం ఖజానాలోంచి చెల్లించింది. అంటే ఒక కంపెనీ చేసిన బాకీలో కొంత జనం పన్నులతో తీర్చారు. "భూమికి, రైతుకు మేలు" అని బోర్డు మీద రాసినంత మాత్రాన మేలు జరగదు. తోట ఎక్కడుంది, ఎన్ని ఎకరాలు, ఎవరి పేరున ఉంది, పంట ఏం వచ్చింది అని ఎంతమంది అడిగారు? "ఎంత వస్తుంది?" అన్న ప్రశ్న మిగతా ప్రశ్నలన్నిటినీ మింగేసింది.

రెండో పాఠం ఇంకా దగ్గరది. పేద స్త్రీలకు చిన్న అప్పులిస్తే పేదరికం పోతుంది, పెట్టుబడి పెట్టినవారికి లాభమూ వస్తుంది అని సూక్ష్మరుణ సంస్థలు వచ్చాయి. 2006 మార్చిలో మన కృష్ణా జిల్లాలోనే అధికారులు రెండు పెద్ద సంస్థలకు చెందిన సుమారు 50 శాఖలను మూయించారు. అధిక వడ్డీలు, వసూళ్ళలో బలవంతం అన్నవి వాటి మీద వచ్చిన ఆరోపణలు. అదే ఏడాది అక్టోబరులో బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకుకు, దాన్ని స్థాపించిన ముహమ్మద్ యూనుస్‌కు నోబెల్ శాంతి బహుమతి ప్రకటించారు. అక్కడ బహుమతి పొందిన ఆలోచనే ఇక్కడ తాళాలు వేయించుకునేదాకా వచ్చింది. ఆలోచన చెడ్డదని కాదు. పెట్టుబడి పెట్టినవారి ఆకలి పెరిగేకొద్దీ వాయిదా కట్టే ఆడబిడ్డ మీద ఒత్తిడి పెరిగింది. 2010 ఆగస్టులో ఎస్.కె.ఎస్. మైక్రోఫైనాన్స్ షేర్ మార్కెట్లో 1,600 కోట్ల రూపాయలకు పైగా సేకరించింది. రెండు నెలలకే, అప్పుల ఆత్మహత్యల వార్తల నడుమ, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వారం వారం వాయిదాలు ఆపి నెలవారీ చెయ్యమంది, వడ్డీ అసలును మించకూడదంది. బొంబాయిలో షేరు కొన్నవారికి మన పల్లెలో గుంపుగా కూర్చోబెట్టి అప్పు అడగటం కనబడలేదు. వారికి షేరు ధర ఒక్కటే కనబడింది.

సంఘాలు ఇందుకు అతీతం అనుకోకండి. 2013 జూలైలో ఇంగ్లండు సంఘపు ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ, పేదలకు విపరీతమైన వడ్డీకి అప్పులిచ్చే వోంగా అనే కంపెనీని పోటీలో ఓడించి వ్యాపారం లేకుండా చేస్తామని ప్రకటించారు. మర్నాడే పత్రికల్లో తేలిందేమిటంటే, ఆ సంఘపు నిధుల్లోంచే కొంత సొమ్ము పరోక్షంగా అదే కంపెనీలో ఉంది. సుమారు 75 వేల పౌండ్లు. ఆర్చిబిషప్పుకే తెలియలేదు. ఆయన దాచిపెట్టలేదు, సిగ్గుపడుతున్నానని బహిరంగంగా ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది ఆ వాటా వదిలించుకున్నారు. మనమూ మన డబ్బు అడుగుజాడలు వెదికితే సిగ్గుపడాల్సి రావచ్చు. సిగ్గుపడటం పాపం కాదు. సిగ్గుపడాల్సి వస్తుందని వెదకకపోవడమే పాపం.

వెదికిన విశ్వాసులూ ఉన్నారు. 1968లో ఉప్సలాలో జరిగిన ప్రపంచ సంఘాల మండలి సభల్లో, సంఘాల మదుపు సొమ్ము యుద్ధాలకు, దక్షిణాఫ్రికా జాతివివక్షకు సాయపడే బ్యాంకుల్లో ఎందుకు ఉండాలన్న ప్రశ్న లేచింది. దాని ఫలితంగా 1975లో నెదర్లాండ్స్‌లో ఒక సహకార సంస్థ పుట్టింది. ఇప్పుడు దాని పేరు ఓయికోక్రెడిట్. దాని భారతదేశ శాఖ మానవీయ మన హైదరాబాదులోనే ఉంది. ఆ సంస్థలో వాటా కొన్న యూరపు విశ్వాసులు ఏళ్ళ తరబడి సంవత్సరానికి రెండు శాతం లాభంతో తృప్తిపడ్డారు. ఒకసారి ఆగి ఆలోచించండి. సముద్రాల అవతల, మన ముఖం ఎన్నడూ చూడని విశ్వాసి ఏడాదికి రెండు చాలన్నాడు. పక్కింటి విశ్వాసి నెలకు రెండు కావాలన్నాడు. ఆ సంస్థ అప్పులు కూడా ఎక్కువగా సూక్ష్మరుణ సంస్థల ద్వారానే వెళ్తాయి గనుక, మధ్యలో ఎవరి చేతుల మీదుగా పోతుందో అడగాల్సిన పని అక్కడా తప్పదు.

మట్టి, నీళ్ళ సంగతీ ఇదే. మునేటి ఇసుకను రాత్రిపూట తోలే టిప్పరు కొనడానికి మీరు అప్పిస్తే, ఆ ఇసుకలో మీకూ వాటా ఉంది. ఇసుక ఏటి కడుపులో నీళ్ళు పట్టి ఉంచే దూది లాంటిది. అది పోతే ఒడ్డున బోర్లు దిగిపోతాయి. పురుగుమందుల కొట్టు సంగతి చూడండి. విత్తనం అక్కడే అరువు, ఎరువు అక్కడే అరువు. ఏ మందు కొట్టాలో చెప్పేదీ ఆ కొట్టాయనే, ఆ మందు మీద లాభమూ వడ్డీ రెండూ ఆయనకే. అప్పు తీరేదాకా రైతు మందు తగ్గించలేడు, పంట మార్చలేడు. ఆ కొట్టులో మీ డబ్బుంటే, మందు కొట్టి కళ్ళు తిరిగి పడిపోయిన కూలీ ఖర్చు మీ లాభంలో కలిసే ఉంది. యాకోబు పత్రిక 5లో బిగపట్టిన కూలి దేవుని చెవిలో మొరపెడుతుంది. మన లాభాలకూ గొంతు ఉంటుంది, ప్రభువు వింటాడు.

"మరి ఎక్కడ పెట్టమంటారు?" మంచి ప్రశ్న. మన తెలుగు నేల మీదే జవాబులున్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాను తరిమికొట్టిన పేద స్త్రీలు, ఆ తర్వాత రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. ఆ పొదుపులో వడ్డీ సంఘంలోకే తిరిగి వస్తుంది, అప్పు తీసుకున్నామె, అప్పిచ్చినామె ఒకరే. 1956లో ముల్కనూరులో రైతులు పెట్టుకున్న సహకార సంఘం నేటికీ నడుస్తోంది. 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది, ప్రభుత్వం పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకునే సంఘాలు పెట్టుకోవచ్చు. 2016 నుంచి మన రాష్ట్రంలో నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఆ పొదుపు సంఘాల భుజాల మీదే నిలబడింది. 2024లో దానికి పోర్చుగల్ నుంచి గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. మందుల అరువు నుంచి బయటపడి ఈ దారికి రావాలనుకునే కౌలు రైతుకు మొదటి ఒకటి రెండేళ్ళు ఒక ఆవు, డ్రమ్ములు, పెసర, జనుము విత్తనాలు, ఓపిక గల అప్పు కావాలి. అలాంటి అప్పు ఇచ్చేవాడు దొరకడు. మీ తొమ్మిది రూపాయల్లో ఒకటి అక్కడికి పంపండి.

నలుగురికీ చెప్పదగ్గ మాటలు నాలుగు. ఒకటి, డబ్బు పెట్టే ముందు ఆ లాభం ఎవరి చెమట నుంచి వస్తుందో తెలుసుకోండి. చెప్పలేనివాడికి ఇవ్వకండి. రెండు, నష్టం వస్తే ఎవరు భరిస్తారో అడగండి. నష్టమంతా పేదవాడిది, లాభమంతా మనది అయితే అది పెట్టుబడి కాదు, పీడన. మూడు, కళ్ళతో చూడగలిగిన చోట పెట్టండి. నాలుగు, ఆ లెక్కను మీకు వడ్డీ కట్టేవారి ముందు, ఆరాధనలో, గట్టిగా చదవగలరా అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి.

ఒక హెచ్చరిక కూడా. ఇది చదివి ఎవరూ డబ్బు తెచ్చి పాస్టరు చేతిలో పెట్టవద్దు. అనుమతి లేకుండా జనం దగ్గర డిపాజిట్లు సేకరించడం 2019 కేంద్ర చట్టం ప్రకారం నేరం. "దేవుని పనికి పెట్టండి, రెట్టింపు వస్తుంది" అనే బోధకుడు కనబడితే, బైబిలు చంకలో పెట్టుకుని అక్కడ నుంచి లేచి వచ్చెయ్యండి.

సంఘ పెద్దలకు ఒక మాట. మందిర నిర్మాణ నిధిని కూడా వడ్డీకి తిప్పే సంఘాలున్నాయి. యూదా తిరిగి పారేసిన ముప్పై వెండి నాణేలను ఏరిన ప్రధానయాజకులు, ఇది రక్తపు వెల, కానుకల పెట్టెలో వెయ్యకూడదు అన్నారు. ఆ డబ్బు ఇచ్చి నీతిమంతుణ్ణి కొన్నది వాళ్ళే! పెట్టె శుద్ధిగా ఉంది, చేతులు ఉండలేదు. మన సంఘపు కానుకల పెట్టె గురించి అంతకంటే మంచి మాట చెప్పగలగాలి. మన నిధి ఎక్కడుందో, దాని మీద ఎంత వస్తోందో, ఎవరు కడుతున్నారో సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించాలని నేను కోరుతున్నాను.

రాజధాని ప్రకటన వచ్చిన 2014 నుంచి నందిగామ, కంచికచర్ల దారిలో పొలాలు ప్లాట్లవడం చూస్తున్నాం. రేపు ధర పెరుగుతుందనే కొంటారు. యిర్మీయా కూడా పొలం కొన్నాడు. 32వ అధ్యాయం చూడండి. ఆయన చెరలో ఉన్నాడు, బబులోను సైన్యం పట్టణాన్ని ముట్టడించింది. అలాంటి రోజున అనాతోతులోని పొలాన్ని పదిహేడు తులాల వెండి తూచి కొని, దస్తావేజును మట్టికుండలో దాచమన్నాడు. లెక్క ప్రకారం అంతకంటే తెలివితక్కువ బేరం లేదు. ఈ దేశంలో మళ్ళీ ఇళ్ళు, పొలాలు, ద్రాక్షతోటలు ఉంటాయన్న దేవుని మాట మీద ఆయన వెండి పెట్టాడు. ఆయన కొన్నది తన లాభాన్ని కాదు, తన జనుల రేపటిని.

నెహెమ్యా మాట విన్న ఆ పెద్దలు గొణుక్కోలేదు. తిరిగి ఇచ్చేస్తామన్నారు, ఇచ్చారు. సమాజమంతా ఆమేన్ అంది. మనం ప్రతి ఆదివారం ఎన్నోసార్లు ఆమేన్ అంటాం. ఈసారి ప్రోనోటు చేతిలో పట్టుకుని అనండి. వడ్డీ తగ్గించండి, కుదిరితే కొట్టెయ్యండి, ఆ కుటుంబానికి మీరే వెళ్ళి చెప్పండి.

ప్రభువా, మా పదో రూపాయిని తీసుకున్నట్టే మా తొమ్మిది రూపాయలను కూడా నీ వెలుగులోకి తీసుకో. మా డబ్బు ఎవరి మెడ మీద కాలు పెట్టిందో మాకు చూపించు. చూశాక కాలు తీసే ధైర్యం ఇవ్వు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.